ఫ్రిజ్ తల్లి నుంచి ఫోన్ తల్లి దాకా

"రిఫ్రిజిరేటర్ మదర్" అనే మాట ఎప్పుడైనా విన్నారా? పిల్లాడికి ఆటిజం ఉందంటే దానికి కారణం ప్రేమ చూపించడం చేతకాని, ఐసుగడ్డ లాంటి తల్లి అని చెప్పడానికి పుట్టిన మాట అది. ఏదో పల్లెటూరి మూఢనమ్మకం అనుకునేరు. 1950, 60 దశకాల్లో అమెరికాలో పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో చెప్పిన సైన్సే అది. తల్లులు ఆ మాట వినడానికి డబ్బులు కట్టి, అపాయింట్‌మెంట్ తీసుకుని మరీ వెళ్ళేవారు.

ఈ పాత గొడవ ఇప్పుడెందుకంటారా? "తల్లిదండ్రులతో అనుబంధం ఆటిజం ఉన్న పిల్లల మెదడు ఎదుగుదలను మారుస్తుంది" అని ఈ మధ్య తరచుగా వింటున్నాం. అందులో నిజం ఉంది. కానీ మన ఇళ్ళల్లో ఆ వాక్యం అత్తగారి నోట్లోంచి వచ్చేసరికి "నువ్వు సరిగ్గా చూసుకోలేదు కాబట్టే వాడలా అయ్యాడు" అని మారిపోతుంది. ఈ రెండు వాక్యాలూ ఒకటి కాదు. వాటి మధ్య తేడా తెలుసుకోవడానికి సైన్సుకే ముప్ఫై ఏళ్ళు పైన పట్టింది. ఈ లోపల ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో చెప్పేదే ఈ చరిత్ర.

కథ 1938 లో మొదలవుతుంది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. అక్కడి లాయరు ఒకాయన తన అయిదేళ్ళ కొడుకు గురించి బాల్టిమోర్ లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి 33 పేజీల ఉత్తరం రాశాడు. ఆ పిల్లాడి పేరు డొనాల్డ్ ట్రిప్లెట్. ఒంటరిగా ఉంటేనే సంతోషంగా ఉంటాడు, గుండ్రటి వస్తువులు తిప్పుతూ గంటలు గడిపేస్తాడు, అమ్మ వచ్చినా నాన్న వచ్చినా పట్టించుకోడు. అంతకు ముందు ఏడాది డాక్టర్ల సలహా మీద వాణ్ణి ఒక సంస్థలో పెట్టారు. దాదాపు ఏడాది తర్వాత తల్లిదండ్రులే వెళ్ళి ఇంటికి తెచ్చేసుకున్నారు.

ఆ ఉత్తరం అందుకున్న డాక్టరు లియో కానర్. 1943 లో ఆయన డొనాల్డ్ తో కలిపి మొత్తం 11 మంది పిల్లల గురించి ఒక పేపర్ ప్రచురించాడు. ఆటిజాన్ని విడిగా ఒక స్థితిగా గుర్తించిన తొలి పేపర్లలో ముఖ్యమైనది ఇదే. అందులో కానర్ తేల్చిందేమిటంటే, మనుషులతో భావపరంగా ముడిపడే సామర్థ్యం ఈ పిల్లల్లో పుట్టుకతోనే వేరుగా ఉంది అని. "పుట్టుకతోనే" అన్న మాట గుర్తుపెట్టుకోండి.

కానీ అదే పేపర్లో ఇంకో పరిశీలన కూడా ఉంది. ఈ పిల్లల తల్లిదండ్రులు బాగా చదువుకున్నవాళ్ళు. పదకొండు మంది తండ్రుల్లో నలుగురు సైకియాట్రిస్టులు, ఒక మైనింగ్ ఇంజనీరు కూడా ఉన్నాడు. తల్లుల్లో తొమ్మిది మంది కాలేజీ గ్రాడ్యుయేట్లు. 1940 ల అమెరికాలో అది చాలా ఎక్కువ. ఈ తల్లిదండ్రుల్లో ఆప్యాయత ఉట్టిపడే మనుషులు తక్కువ అని కూడా కానర్ రాశాడు.

డేటాతో పని చేసేవాళ్ళకి ఇక్కడే అనుమానం రావాలి. 1940 లలో హాప్కిన్స్ లాంటి చోటికి పిల్లాణ్ణి తీసుకువెళ్ళగలిగేది ఎవరు? 33 పేజీల ఉత్తరం రాయగలిగేది ఎవరు? చదువూ డబ్బూ ఉన్నవాళ్ళే కదా. శాంపిల్ అక్కడే వంగిపోయింది. దానికి తోడు, అయిదేళ్ళుగా పిల్లాడు తన వైపు చూడని తల్లి డాక్టరు గదిలో కూర్చుని నవ్వుతూ తుళ్ళుతూ ఉంటుందా? ఆమె ముఖంలోని అలసటని కారణం అనుకున్నారు. అది ఫలితం కావచ్చని ఎక్కువమందికి తట్టలేదు.

అప్పట్లో అమెరికన్ సైకియాట్రీ మొత్తం ఫ్రాయిడ్ నీడలో ఉండేది. ఏ మానసిక సమస్యకైనా మూలం బాల్యంలో, అందులోనూ తల్లి దగ్గర వెతకడం ఆనవాయితీ. కానర్ కూడా ఆ గాలికి కొట్టుకుపోయాడు. ఈ పిల్లలు డీఫ్రాస్ట్ కాని ఫ్రిజ్ లో పెట్టినట్టు పెరిగారు అన్న పోలిక 1949 నాటి ఆయన పేపర్లోదే. అంతకు ముందు ఏడాదే టైమ్ పత్రిక ఈ పిల్లల మీద ఒక కథనం వేసింది. శీర్షికలోనే వాళ్ళని "మంచు పట్టిన పిల్లలు" అంది. ఇంకేముంది, మాట జనంలోకి వెళ్ళిపోయింది.

దాన్ని సిద్ధాంతంగా మార్చి అమ్మినవాడు మాత్రం బ్రూనో బెట్టెల్‌హైమ్. వియన్నాలో పుట్టిన యూదుడు. 1938-39 లో దాకౌ, బూకెన్వాల్డ్ నాజీ నిర్బంధ శిబిరాల్లో గడిపి, విడుదలై అమెరికా చేరాడు. 1944 నుంచి 1973 దాకా షికాగో యూనివర్సిటీకి చెందిన ఆర్థోజెనిక్ స్కూల్ కి డైరెక్టరు. శిబిరాల్లో కొందరు ఖైదీలు ఆశ వదిలేసి, చుట్టూ ఏం జరుగుతున్నా స్పందించకుండా బిగుసుకుపోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఆయనకి అదే కనిపించింది. పిల్లాడు ఖైదీ అయితే మరి కాపలాదారు ఎవరు? తల్లి! 1967 లో వచ్చిన "ది ఎంప్టీ ఫోర్ట్రెస్" అనే పుస్తకంలో, తల్లిదండ్రులకి ఈ బిడ్డ అసలు లేకపోతే బాగుండు అన్న కోరిక ఉండటమే ఆటిజాన్ని రాజేస్తుంది అని రాశాడు. చికిత్స ఏమిటంటే పిల్లాణ్ణి తల్లిదండ్రుల నుంచి వేరు చేయడం.

ఆయన డాక్టరేట్ వైద్యంలోనో సైకాలజీలోనో కాదు, ఫిలాసఫీలో. కానీ ఆయన బాగా రాయగలడు, టీవీలో బాగా మాట్లాడగలడు. 1990 లో ఆయన చనిపోయాక, ఆ స్కూల్లో పెరిగిన కొందరు తమని కొట్టేవాడని బయటపెట్టారు.

ఇప్పుడు ఒక్కసారి ఆ తల్లి స్థానంలో నిలబడి చూడండి. ఏడిస్తే ఆమెకి మానసిక స్థిరత్వం లేదు. ఏడవకపోతే ఫ్రిజ్. పిల్లాణ్ణి దగ్గరికి తీసుకుంటే ఊపిరాడనివ్వడం లేదు, తీసుకోకపోతే ప్రేమ లేదు. ఆ తల్లుల మీద 2002 లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది, పేరే "రిఫ్రిజిరేటర్ మదర్స్". అందులో ఒక నల్లజాతి తల్లి చెప్పిన విషయం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఫ్రిజ్ తల్లులంటే చదువుకున్న తెల్లవాళ్ళు కదా, నువ్వు తెల్లదానివి కావు, చదువుకున్నదానివీ కాదనుకుంటాం, కాబట్టి నీ కొడుక్కి ఆటిజం ఉండే అవకాశం లేదు అన్నారట! థియరీ తప్పయినప్పుడు నింద పడ్డవాళ్ళే కాదు, నింద పడనివాళ్ళు కూడా నష్టపోతారు.

మరి దీన్ని బద్దలు కొట్టింది ఎవరు? ఎక్కువ భాగం తల్లిదండ్రులే.

బెర్నార్డ్ రిమ్లాండ్ శాన్ డియేగోలో నేవీకి పని చేసే సైకాలజిస్టు. 1956 లో కొడుకు మార్క్ పుట్టాడు, పుట్టిన దగ్గర్నుంచీ ఒకటే ఏడుపు. ఆటిజం అన్న మాట ఆ ఇంట్లో మొదట తట్టింది తల్లికి, కాలేజీలో చదువుకున్న పాఠం గుర్తొచ్చి. రిమ్లాండ్ అప్పటిదాకా ప్రపంచంలో ఈ విషయం మీద వచ్చిన పేపర్లన్నీ దొరికినంత మేరా చదివాడు. తల్లే కారణం అనడానికి ఆధారం ఎక్కడా కనిపించలేదు. అదే తల్లికి పుట్టిన మిగతా పిల్లలు మామూలుగా ఉన్నారు కదా, మగపిల్లల్లోనే ఎక్కువగా కనిపిస్తోంది కదా అని ఒక్కొక్క పాయింటూ పేర్చుకుంటూ 1964 లో పుస్తకం వేశాడు. ముందుమాట రాసింది ఎవరనుకున్నారు? లియో కానరే! (ఇదే రిమ్లాండ్ తర్వాత కాలంలో టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న వాదన వైపు వెళ్ళాడు. అది తప్పని పెద్ద పెద్ద అధ్యయనాలు తేల్చేశాయి. ఒక విషయంలో కరెక్టయిన మనిషి అన్నిటిలోనూ కరెక్టు కానక్కర్లేదు.)

రెండో మనిషి క్లారా క్లెయిబోర్న్ పార్క్. మసాచుసెట్స్ లో ఇంగ్లీషు టీచరు. "ది ఎంప్టీ ఫోర్ట్రెస్" వచ్చిన 1967 లోనే ఆవిడ తన కూతురు గురించి "ది సీజ్" అనే పుస్తకం రాసింది. రెండు పేర్లూ చూడండి, ఒకటి ఖాళీ కోట, ఇంకొకటి కోట ముట్టడి. బెట్టెల్‌హైమ్ పుస్తకంలో తల్లిని కోట దగ్గర్నుంచి తరిమేస్తారు. క్లారా పుస్తకంలో తల్లి ఆ కోట గోడ బయట ఏళ్ళ తరబడి కూర్చుని, కూతురితో పాటు నేల మీద పాకుతూ, కూతురికి నచ్చిన ఆటలోనే ఒక చిన్న మార్పు, దాని మీద ఇంకో చిన్న మార్పు చేస్తూ లోపలికి దారి వెతుక్కుంటుంది. ఆ కూతురు జెస్సీ పెద్దయ్యాక చిత్రకారిణి అయింది, ఉద్యోగమూ చేసింది. ఆటిజం మాత్రం అలాగే ఉంది.

1969 లో, రిమ్లాండ్ తదితరులు పెట్టిన తల్లిదండ్రుల సంఘం సమావేశంలో కానర్ నిలబడి తల్లిదండ్రులందరినీ నిర్దోషులుగా ప్రకటించాడు. తాను మొదటి పేపర్లోనే "పుట్టుకతో" అన్నానని గుర్తు చేశాడు. (ఫ్రిజ్ పోలిక ఎవరిదో మాత్రం అంత గట్టిగా గుర్తు చేసుకోలేదు!) 1977 లో సూజన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ లండన్ లో 21 కవల జంటల్ని పరిశీలించారు. ఐడెంటికల్ కవలలు 11 జంటలు. వాటిలో 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. నాన్-ఐడెంటికల్ కవలలు 10 జంటలు. ఒక్క జంటలో కూడా ఇద్దరికీ లేదు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే వయసు, తేడా అల్లా జన్యువుల్లోనే. చిన్న శాంపిలే, కానీ తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు దాన్ని బలపరిచాయి. 2020 లో వచ్చిన ఒక పెద్ద జన్యు పరిశోధన ఆటిజంతో సంబంధం ఉన్న 102 జన్యువుల్ని గుర్తించింది. అందులో చాలామటుకు మెదడు తయారయ్యే తొలి దశల్లోనే పని చేసేవి.

అక్కడితో కథ అయిపోతే బాగుండేది. కానీ లోలకం ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళింది. తల్లి ప్రేమ కారణం కాదు అని తేలాక, అనుబంధం గురించి మాట్లాడటమే కొంతకాలం తప్పయిపోయింది. లాస్ ఏంజిలస్ లో ఈవార్ లోవాస్ అనే సైకాలజిస్టు, పిల్లాడి లోపల ఏముందో మనకెందుకు, ప్రవర్తన మారిస్తే చాలు అన్నాడు. వారానికి 40 గంటల శిక్షణ, సరిగ్గా చేస్తే బహుమతి, తప్పు చేస్తే గట్టిగా అరవడం, తొడ మీద కొట్టడం. 1960 లలో కరెంటు షాకులు కూడా వాడాడు. 1987 లో తన దగ్గర శిక్షణ పొందిన 19 మందిలో 9 మంది మామూలు పిల్లల స్థాయికి వచ్చారని ప్రకటించాడు. తల్లిదండ్రులకి తొలిసారిగా ఆశ పుట్టిన మాట నిజమే. కానీ పిల్లాడికి ఏం కావాలో అడిగేవాళ్ళు తక్కువైపోయారు.

ఇంతలో 1989 డిసెంబరులో రొమేనియాలో చౌషెస్కూ ప్రభుత్వం కూలింది. గర్భస్రావాల మీద 1966 నుంచీ ఉన్న నిషేధం వల్ల అనాథాశ్రమాలు లక్షకి పైగా పిల్లలతో కిక్కిరిసి ఉన్నాయని ప్రపంచానికి తెలిసింది. పాలసీసా అందుతుంది, పలకరించే మనిషి ఉండదు. వరుసగా మంచాలు, వాటిలో తమని తామే ఊపుకుంటున్న పిల్లలు.

వీళ్ళల్లో కొందరిని బ్రిటన్ కుటుంబాలు దత్తత తీసుకున్నాయి. వాళ్ళ ఎదుగుదలని గమనించింది ఎవరో తెలుసా? కవలల మీద పని చేసిన ఆ మైకేల్ రట్టరే. 1999 లో 111 మంది గురించి రాశాడు. వారిలో 6 శాతం మందిలో నాలుగేళ్ళ వయసులో అచ్చం ఆటిజం లాంటి లక్షణాలే ఉన్నాయి. అంటే బెట్టెల్‌హైమ్ చెప్పిందే నిజమా? కాదు. ఈ పిల్లలకి ఆరేళ్ళు వచ్చేసరికి పరిస్థితి చాలా మెరుగుపడింది, మనుషుల మీద ఆసక్తి కూడా మామూలు ఆటిజంలో కంటే ఎక్కువ. రట్టర్ దీనికి "క్వాసీ ఆటిజం" అని వేరే పేరు పెట్టాడు. బయటికి ఒకేలా కనిపిస్తుంది, లోపల సమస్య వేరు. ఒకే ఎర్రర్ మెసేజ్ రెండు వేర్వేరు బగ్గుల వల్ల రావడం మనం రోజూ చూసేదే కదా. పైగా అలాంటి నరకంలో పెరిగినా ఎక్కువమందికి ఆటిజం లాంటిదేమీ రాలేదు. ఉద్యోగం చేసే తల్లి సాయంత్రం ఆలస్యంగా ఇంటికి రావడానికీ దీనికీ పోలికే లేదు.

ఆ తర్వాత నెల్సన్, ఫాక్స్, జీనా అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు బుకారెస్ట్ లో 136 మంది అనాథాశ్రమ పిల్లల్ని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందికి పెంపుడు కుటుంబాలు ఏర్పాటు చేశారు. కుటుంబంలోకి వెళ్ళిన పిల్లల మెదడులో విద్యుత్ చర్య క్రమంగా మామూలు పిల్లల దారిలో పడింది, ముఖ్యంగా రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళలో. ఎనిమిదేళ్ళ తర్వాత స్కాన్లు చూస్తే, అనాథాశ్రమంలో పెరిగినవాళ్ళకి మెదడులో గ్రే మ్యాటర్ తక్కువగా ఉంది. వైట్ మ్యాటర్ మాత్రం కుటుంబంలోకి వెళ్ళినవాళ్ళలో మామూలు పిల్లలకి దగ్గరగా వచ్చింది. అనుబంధం మెదడుని కడుతుంది అన్నది కవుల మాట మాత్రమే కాదన్నమాట, స్కాన్ లో కనిపించే విషయం.

సరే, ఈ రెండు ముక్కలూ ఎలా అతుకుతాయి? ఆటిజం అనుబంధ లోపం వల్ల రాదు. కానీ ప్రతి మెదడూ అనుబంధంలోనే పెరుగుతుంది, ఆటిజం ఉన్న మెదడు కూడా. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ అనుబంధం నడిచే దారిలో. 2013 లో అట్లాంటాలో క్లిన్, జోన్స్ అనే ఇద్దరు పసిపిల్లల చూపుని యంత్రంతో కొలిచారు. తర్వాత ఆటిజం ఉందని తేలిన పిల్లలు కూడా రెండు నెలల వయసులో ఎదుటి మనిషి కళ్ళలోకి మామూలుగానే చూస్తున్నారు. రెండు నుంచి ఆరు నెలల మధ్య ఆ చూపు తగ్గుతూ వచ్చింది. బిడ్డ ఎటు చూస్తాడు అనేది చాలావరకు జన్యువుల చేతుల్లో ఉందని 2017 లో కవలల మీద చేసిన అధ్యయనం చూపించింది.

అంటే ఇది ఒక లూప్. బిడ్డ కళ్ళలోకి తక్కువ చూస్తాడు, నవ్వితే తిరిగి నవ్వడు. తల్లికి తెలియకుండానే పలకరింపులు తగ్గుతాయి, లేదా కంగారుతో మరీ ఎక్కువై బిడ్డని బెదరగొడతాయి. బిడ్డకి అందే అనుభవం ఇంకా మారుతుంది, దాంతో మెదడు అల్లుకునే తీరు ఇంకా మారుతుంది. ఈ లూప్ ని తల్లి మొదలుపెట్టలేదు. కానీ అందులో చెయ్యి పెట్టగలిగిన మనిషి ఆవిడే. నాన్న కూడా, ఆ మాట మనవాళ్ళు మర్చిపోతుంటారు.

ఈ ఆలోచన మీదే స్టాన్లీ గ్రీన్‌స్పాన్, సెరీనా వీడర్ కలిసి "ఫ్లోర్‌టైమ్" అనే పద్ధతిని తయారు చేశారు. పెద్దవాళ్ళు నేల మీద కూర్చుని, పిల్లాడు చేసేదాన్నే అనుసరించి, అందులోంచి ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టడం. క్లారా పార్క్ సొంతంగా కనిపెట్టుకున్నదీ ఇంచుమించు ఇదే. అంతకు ముందే 1942 లో డొనాల్డ్ ని తల్లిదండ్రులు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. వాడికి లెక్కపెట్టే పిచ్చి ఉంటే ఆ రైతు మొక్కజొన్న చాళ్ళు దున్నుతూ లెక్కపెట్టమన్నాడు. కొలిచే పిచ్చి ఉంటే బావి తవ్వుతూ లోతు కొలవమన్నాడు. ఏ డిగ్రీ లేని ఆ దంపతులు పిల్లాడి ఇష్టాన్నే పనిలోకి దారిగా మార్చారు. డొనాల్డ్ కాలేజీ పూర్తి చేసి, సొంత ఊళ్ళో బ్యాంకులో పని చేసి, కారు నడిపి, గోల్ఫ్ ఆడి, దేశాలు తిరిగి, 2023 లో 89 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

కథలు సరే, కొలతలు ఏమంటున్నాయి? 2010 లో సియాటిల్ లో 48 మంది చిన్నపిల్లల మీద, ఆటలో అనుబంధంతో నేర్పించే డెన్వర్ మోడల్ ని రెండేళ్ళు పరీక్షించారు. ఐక్యూ సగటున 17 పాయింట్లకి పైగా పెరిగింది, మామూలు సేవలు అందినవాళ్ళలో 7. తర్వాత మెదడు తరంగాలు చూస్తే, ఈ పిల్లల మెదళ్ళు బొమ్మల కంటే ముఖాలకి ఎక్కువ స్పందిస్తున్నాయి. 2019 లో ఇంకా పెద్ద స్థాయిలో మళ్ళీ చేసినప్పుడు ఐక్యూలో అంత తేడా రాలేదు, అదీ చెప్పుకోవాలి. బ్రిటన్ లో 152 మంది పిల్లలతో చేసిన పాక్ట్ అనే ప్రయోగం నాకు ఇంకా నచ్చింది. అందులో పిల్లాడికి శిక్షణ ఇవ్వరు. తల్లి, బిడ్డ ఆడుకుంటున్న వీడియో తీసి తల్లికే చూపిస్తారు. "ఇదిగో, ఇక్కడ వాడు మీ వైపు ఒక్క క్షణం చూశాడు, మీరు గమనించలేదు" అని. దాదాపు ఆరేళ్ళ తర్వాత చూస్తే, తీవ్రమైన లక్షణాలు ఉన్నవాళ్ళు ఆ గుంపులో 46 శాతం, రెండో గుంపులో 63 శాతం. దీన్నే గోవాలో, పాకిస్తాన్ లోని రావల్పిండిలో స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలతో ఇళ్ళ దగ్గర చేయించారు. 2016 లో వచ్చిన ఫలితాల్లో తల్లి స్పందించే తీరూ, బిడ్డ చొరవ తీసుకోవడమూ మెరుగుపడ్డాయి.

ఇక్కడ తల్లికి ప్రేమ ఎక్కించలేదు, ప్రేమ ముందే ఉంది. వేరే భాషలో వస్తున్న సంకేతాన్ని చదవడం నేర్పారు, అంతే. ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012 లో ఇదే విషయాన్ని ఇటువైపు నుంచి చెప్పాడు. అర్థం చేసుకోలేకపోవడం ఒక్క ఆటిజం ఉన్నవాడి లోపమే కాదు, ఎదుటివాళ్ళూ వాళ్ళని అర్థం చేసుకోలేకపోతున్నారు అని. ఇవేవీ ఆటిజాన్ని మాయం చేసే మందులు కావు. అలా అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే జేబు జాగ్రత్త.

ఇక మన సంగతికి వద్దాం. హైదరాబాదులోనో, డాలస్ లోనో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో రెండేళ్ళ పిల్లాడికి మాటలు రాలేదనుకోండి. మొదట వచ్చే మాట "ఫోన్ ఇచ్చేసి నువ్వు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే వాడికి మాటలెలా వస్తాయి" అనే. దీనికి "వర్చువల్ ఆటిజం" అనే పేరు కూడా వాట్సాప్ లో తిరుగుతోంది. వైద్య ప్రమాణ గ్రంథాల్లో అలాంటి నిర్ధారణ ఏదీ లేదు. 2022 లో జపాన్ లో 84 వేలకి పైగా తల్లీపిల్లల డేటాలో, ఏడాది వయసులో ఎక్కువ స్క్రీన్ చూసిన మగపిల్లల్లో మూడేళ్ళకి ఆటిజం ఎక్కువగా కనిపించింది. నిజమే, కానీ ముఖాల మీద ఆసక్తి తక్కువగా పుట్టిన బిడ్డే స్క్రీన్ వైపు ఎక్కువ లాగబడి ఉండొచ్చు కదా? కానర్ గదిలో అలసిన తల్లిని చూసి చేసిన తప్పే ఇదీను. ఫ్రిజ్ పోయి ఫోన్ వచ్చింది, ముద్దాయి మాత్రం మారలేదు.

ఫోన్ తగ్గించండి, అందులో సందేహం లేదు. రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లోనే చెప్పింది. కానీ ఫోన్ తీసేసి ఆరు నెలలు చూద్దాం అని కూర్చోవద్దు. ఆ ఆరు నెలలే విలువైనవి. పేరు పెట్టి పిలిస్తే తిరగడం లేదా, వేలితో చూపించడం లేదా, వెంటనే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ దగ్గరికి వెళ్ళండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ లో కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా ఉంది, ఒకప్పుడు ఎన్.ఐ.ఎం.హెచ్., ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. మన దేశంలో వాడే ఆటిజం అంచనా స్కేలు తయారైంది అక్కడే.

మీ స్నేహితుల్లో, చుట్టాల్లో ఎవరి ఇంట్లోనైనా ఈ మాట వచ్చిందని తెలిస్తే, "ఎందుకొచ్చింది" అని ఆ తల్లిని అడగకండి. ఆ ప్రశ్న ఆమె రాత్రంతా తనని తాను వేసుకుంటూనే ఉంటుంది. వారానికి రెండు గంటలు వాళ్ళింటికి వెళ్ళి, మీరూ నేల మీద కూర్చుని, ఆ పిల్లాడు ఏం తిప్పుతున్నాడో దాన్నే కాసేపు కలిసి తిప్పి చూడండి.